పాత స్టూకాకి మాగ్నెట్ స్టాండ్: రెండేళ్లు ఆడాక చెప్తున్నా

టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల్లో బొమ్మ విమానాన్ని ఎగురుతున్నట్టు నిలబెట్టే ఈ స్టాండ్ కొన్న మొదటి నెలలో ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనెయ్యమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ ఇప్పుడు కొంచెం సరిచేసి చెప్పాలి.

నాది 1/72 స్టూకా, అంటే రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ డైవ్ బాంబర్‌కి 72వ వంతు సైజు ప్లాస్టిక్ బొమ్మ, ఎవరో ఎప్పుడో కట్టి వదిలేసింది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ట్యూబ్ గమ్ము పొంగి రెక్క మీద వేలిముద్ర అచ్చుగుద్దినట్టు ఉండిపోయింది, స్టూకా రెక్క కిందకి దిగి మళ్లీ పైకి లేస్తుంది కదా, సరిగ్గా ఆ వంపు దగ్గర ఎడమవైపు మిల్లీమీటరు సందు. పైన అక్రిలిక్ పెయింట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెడితే పొరలు పొరలుగా లేచొచ్చింది, కింద ఎనామెల్ మాత్రం కదల్లేదు, దాన్ని వాటర్ పేపర్‌తో రుద్ది తీశా. ఇంకోటి, ముక్కులో క్లే కూరి ఉంది. ముక్కు కింద చక్రం ఉండే విమానాలకి తోక మీద కూర్చోకుండా అలా బరువు పెడతారు, తోకచక్రం ఉన్న స్టూకాకి అసలు అక్కర్లేదు. ట్యూబ్ గమ్ము ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది కాబట్టి విప్పడం కుదర్లేదు, వదిలేశా. అదే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

స్టాండ్‌లో నాకు ప్రాణం ఒక్కటే. కర్ర చివర ఉక్కు బేరింగ్ గోళీ, విమానం పొట్టలో మధ్యలో చిల్లున్న మాగ్నెట్. రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని వంచితే గోళీ మీద మెత్తగా తిరిగి, వదిలినచోట ఆగుతుంది. స్టూకా అంటేనే దాదాపు నిలువుగా డైవ్ చేసేది, పైలట్ కింద టార్గెట్ చూసుకోడానికి కాళ్ల దగ్గర నేలలో కిటికీ ఉండేది. అలాంటిదాన్ని టేబుల్ మీద అడ్డంగా నిలబెట్టి ఆడితే నాకు మనసొప్పేది కాదు. 1940 మే 13న ఫ్రాన్స్‌లో సెడాన్ దగ్గర జర్మన్లు మ్యూజ్ నది దాటే సీనారియో ఆడుతూ మొదటిసారి ఫ్రెంచ్ ఫిరంగుల మీదకి ముక్కు దించి పెట్టినప్పుడు అవతల ఆడేవాళ్లు కూడా లేచొచ్చి చూశారు.

ఆరో నెలలో పడింది. ఆట మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు, టక్‌మని చప్పుడు, చూస్తే విమానం నది మధ్యలో, ప్రొపెల్లర్ రెక్క ఒకటి, ఎడమ చక్రం మీద తొడుగు విరిగిపోయాయి. మాగ్నెట్ మాత్రం గోళీకే అతుక్కుని ఉంది. పొట్టలో చూస్తే సూపర్ గ్లూ పొర చెక్కుచెదరకుండా అద్దంలా ప్లాస్టిక్‌కే ఉంది, మాగ్నెట్ మీది నున్నటి నికెల్ పూత నుంచే ఊడింది. స్టాండ్‌తో వచ్చిన కాగితంలో సూపర్ గ్లూనే వాడమని ఉంది, అది నాకు ఇప్పటికీ కోపమే. పైగా ముక్కు బరువుకి ఒకవైపే లాగుతూ ఉంది.

పొట్ట కోసి మళ్లీ చేశా. మాగ్నెట్‌ని ఎమరీతో గీకి, ఎపాక్సీ జిగురుతో లోపలివైపు నుంచి అతికించి, కింద దానికన్నా చిన్న చిల్లున్న ప్లాస్టిక్ షీట్ పెట్టా, అంటే ఇప్పుడు ఎంత లాగినా జిగురు మీద కాదు, షీట్ మీద పడుతుంది. వేళ్ల మీద విమానాన్ని నిలబెట్టి బ్యాలెన్స్ చూస్తే కంటి అంచనాతో మొదట మాగ్నెట్ పెట్టిన చోటు సెంటీమీటరు వెనక ఉంది, అదీ మార్చా. ఏడాదిన్నర అయింది, మళ్లీ పడలేదు.

అయినా పూర్తి నిలువుగా పెడితే మెల్లగా జారుతుంది, నేను 60 డిగ్రీల దగ్గర ఆపేస్తున్నా. గోళీకి చేతి చెమటకి తుప్పు వస్తుంది, పొడిగుడ్డతో తుడుస్తుండాలి, నూనె రాస్తే పట్టు పోతుంది. ఒకే డబ్బాలో మాగ్నెట్ ఉన్న విమానాలు రెండు పక్కపక్కన పెట్టకండి, ఒకదాన్నొకటి లాక్కుని యాంటెన్నాలు విరుగుతాయి.

నేను నెలకి రెండుసార్లు ఆడతా, టేబుల్ మీద ఒక విమానమే ఉంటుంది, నాకు డైవ్ ముఖ్యం, కాబట్టి నాకు బానే ఉంది. మీది తేలికైన కొత్త కిట్ అయి, అడ్డంగా ఎగిరితే చాలనుకుంటే మామూలు పారదర్శక కర్రే నయం. నాలుగింజన్ల బాంబర్‌ని మాత్రం దీనిమీద నేనైతే పెట్టను. ఇప్పుడు ఒక పాత హరికేన్, బ్రిటిష్ ఫైటర్, బాగుచేస్తున్నా, దాని ముక్కు ముందే ఊపి చూశా, ఖాళీగానే ఉంది.