సీతమ్మధారలోని మా ఫ్యామిలీ డాక్టరుగారి క్లినిక్: కాగితాల పని పక్కకు జరిగాక

విశాఖపట్నం సీతమ్మధారలో మా కుటుంబం ఏళ్లుగా వెళ్తున్న చిన్న క్లినిక్‌లో ఇటీవల పనితీరు మారింది. బీపీ, బరువు చూడటం, పాత రిపోర్టులను వరుసగా పెట్టడం, బీమా ఫారాలు నింపడం, కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి పంపవలసి వస్తే వివరాల పత్రం సిద్ధం చేయడం, ఇవన్నీ ముందు గదిలోనే ఒక నర్సు, ఒక సహాయకుడు పూర్తిచేస్తున్నారు. రోగి సమ్మతిస్తే రికార్డులను 14 అంకెల ఆభా నంబరుకు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) జతచేసేదీ వారే.

2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అమెరికాలో వైద్యులు రోగితో గడిపే ప్రతి గంటకు దాదాపు రెండు గంటలు కంప్యూటరు, కాగితాల పనికి పోతున్నాయి. మన ఊళ్లో సాయంత్రం ఓపీకి వచ్చే జనాన్ని చూస్తే, రాతకోతలకు పోయే ప్రతి నిమిషమూ రోగి చెప్పుకోవలసిన మాటల్లోంచి కోసుకున్నదేనని నా అభిప్రాయం.

మా అమ్మగారికి మధుమేహం. షుగరు అదుపులో లేదని రిపోర్టు చూడగానే మందు మోతాదు పెంచి పంపడం ఇదివరకటి పద్ధతి. ఈసారి డాక్టరుగారు తెర వైపు కాక ఆమె వైపు తిరిగి కూర్చుని, ఉదయం లేచింది మొదలు ఏం తింటారో, మాత్ర ఎప్పుడు వేసుకుంటారో నిదానంగా అడిగారు. పూజ అయ్యేదాకా ఏమీ తినరనీ, పరగడుపున మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని చాలా రోజులు మానేస్తున్నారనీ అప్పుడు బయటపడింది. ఇంట్లో మాకెవరికీ ఆ సంగతి తెలియదు. మోతాదు పెంచకుండా, నెమ్మదిగా కరిగే రకం మాత్రను భోజనంతో పాటు వేసుకోమన్నారు. చెప్పులు తీయించి పాదాల్లో స్పర్శ కూడా పరీక్షించారు. మధుమేహం ఉన్నవారికి ఏడాదికొకసారైనా జరగవలసిన ఈ పరీక్ష తీరిక లేని ఓపీలో ఎంత సులువుగా తప్పిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

లోపాలూ ఉన్నాయి. నర్సు రాసుకున్న మందుల జాబితాలో అమ్మగారి థైరాయిడ్ మాత్ర లేదు. డాక్టరుగారు స్వయంగా సరిచూసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ సరిచూపు ఎన్నడూ మానకూడదు. ముద్రించి ఇచ్చే మందుల చీటీ పూర్తిగా ఇంగ్లీషులో ఉంటోంది. మందుల పేర్లు ఎలా ఉన్నా, ఏ పూట, తిండికి ముందా తరువాతా అన్న వివరమైనా తెలుగులో ఉండాలని అడిగాను, చేస్తామన్నారు. కాగితాల పని తగ్గి ఇలా మిగిలిన సమయాన్ని మరికొంత మంది రోగులతో నింపితే మాత్రం ఈ ఏర్పాటంతా వృథా.

పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు ముందుగా ఫోన్ చేసి వేళ తీసుకోవడం, ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది.