హాస్కెల్‌లో ప్యాకేజీలు, టైపులు: గుంటూరు మిర్చి కొట్టు లెక్కల మీద చాలాకాలం వాడాక

హాస్కెల్ భాషలో టైప్ ఎర్రర్ (ఒక రకం విలువ కావాల్సిన చోట ఇంకో రకం ఇచ్చారన్న తప్పు) కనబడగానే కోడ్ దిద్దడం మొదలుపెట్టకండి. ఏ ప్యాకేజీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్ట) ఏ వెర్షన్‌లో దిగిందో ముందు చూడండి. గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కలు చూసే హాస్కెల్ ప్రోగ్రాము మీద, ప్యాకేజీలు దించి బిల్డ్ చేసే పనిముట్లు కేబల్, స్టాక్ రెండూ చాలాకాలం నడిపాక గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఈ భాషలో వెర్షన్ల తగాదా చాలాసార్లు టైపుల తగాదాగా బయటపడుతుంది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కేబల్ చాలు. "కేబల్ హెల్" అని ఒకప్పుడు తిట్టుకున్నది పాత పద్ధతిని. అందులో ప్యాకేజీలన్నీ ఒకే చోట పడి ఒకదాన్నొకటి చెడగొట్టుకునేవి. 2019లో వచ్చిన కేబల్ 3.0 నుంచి ప్రతి వెర్షన్‌కూ స్టోర్‌లో వేరే గది ఉంటుంది, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ అన్న ప్లాన్ ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఉంటుంది. కరెంటు పోయి కంపైల్ మధ్యలో ఆగినా అప్పటికే పూర్తయిన ప్యాకేజీలు స్టోర్‌లో భద్రంగా ఉంటాయి, సగంలో ఉన్నది మాత్రమే మళ్లీ కడుతుంది. మన వేసవిలో ఇది చిన్న సుఖం కాదు.

ఇన్‌స్టాల్‌కు జీహెచ్‌సీఅప్ (హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీని, దాని పనిముట్లను దించే ఇన్‌స్టాలర్) తప్ప ఇంకో దారి వద్దు. ఉబుంటు రిపోజిటరీలో దొరికే కంపైలర్ తరచు పాతబడి ఉంటుంది. బిల్డ్-ఎసెన్షియల్, లిబ్‌జీఎంపీ-డెవ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్ అనే సిస్టమ్ ప్యాకేజీలు ముందే వేసుకోండి. జీఎంపీ మరిచిపోతే అంతా కంపైల్ అయ్యాక, ముక్కలన్నీ కలిపే చివరి మెట్టు లింకింగ్ దగ్గర ఆగిపోతుంది. ఎడిటర్‌లో సాయం చేసే లాంగ్వేజ్ సర్వర్ మీ కంపైలర్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయేదే కావాలి. అందుకే జీహెచ్‌సీఅప్ మెనూలో అన్నిటికన్నా కొత్తదాన్ని కాకుండా "రికమెండెడ్" గుర్తు ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే కేబల్ ప్రాజెక్ట్ ఫైలులో జాబ్స్ విలువ (ఒకేసారి ఎన్ని ప్యాకేజీలు కట్టాలో) 2 పెట్టండి, బరువైన ప్యాకేజీల దగ్గర 1 చేయండి. బిల్డ్ ప్రాసెస్‌ను ఎవరో చంపేశారని, సిగ్‌కిల్ అని మెసేజ్ వస్తే అది కోడ్ తప్పు కాదు. ర్యామ్ అయిపోయి లైనక్స్ ఆపేసింది.

ఇక అసలు విషయం, వెర్షన్లు కట్టేయడం. హాస్కెల్ ప్యాకేజీలన్నీ దొరికే ఆన్‌లైన్ భండారం హ్యాకేజ్‌లో వెర్షన్ నంబరులో మొదటి రెండు అంకెలూ కలిపి మేజర్ భాగం. 1.2 నుంచి 1.3కి మారినా పాత కోడ్ విరగవచ్చన్నమాట. మిగతా భాషల్లో మొదటి అంకె ఒక్కటే చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ^>=1.2.3 అని రాస్తే 1.2.3 నుంచి 1.3 లోపు అని అర్థం. కేబల్ ఫైలులో ఇలా హద్దులు రాసి, బిల్డ్ తప్పుల్లేకుండా అయిన రోజునే కేబల్ ఫ్రీజ్ నడపండి. ప్రతి ప్యాకేజీ కచ్చితమైన వెర్షన్, దాంతోపాటు హ్యాకేజ్ సూచిక ఏ క్షణానిదో చెప్పే ఇండెక్స్-స్టేట్, రెండూ ఫ్రీజ్ ఫైలులోకి చేరతాయి. ఆ ఫైలును గిట్‌లో పెట్టాలి. పబ్లిష్ అయిన ప్యాకేజీ హద్దులను కోడ్ ముట్టకుండా హ్యాకేజ్‌లో సవరించే వీలుంది కాబట్టి, ఇండెక్స్-స్టేట్ లేకపోతే నిన్న కుదిరిన ప్లాన్ ఈరోజు కుదరకపోవచ్చు.

ఫ్రీజ్ కంపైలర్‌ను మాత్రం కట్టేయదు. ప్రాజెక్ట్ ఫైలులో విత్-కంపైలర్ అని రాసి 9.6.6 లాంటి పూర్తి నంబరు ఇవ్వాలి. ప్రాథమిక ఫంక్షన్లుండే బేస్ ప్యాకేజీ కంపైలర్‌తోనే వస్తుంది: జీహెచ్‌సీ 9.4కి బేస్ 4.17, 9.6కి 4.18, 9.8కి 4.19. కంపైలర్ మార్చి, పాత ఫ్రీజ్ ఫైలు అలాగే ఉంచితే సాల్వర్ (వెర్షన్లన్నీ పొసిగేలా లెక్క కట్టే కేబల్ భాగం) ఒప్పుకోదు. ఆ ఫైలు పక్కన పెట్టి, బిల్డ్ చేసి, మళ్లీ ఫ్రీజ్ చేయాలి. సాల్వర్ చేతులెత్తేసినప్పుడు వచ్చే పొడవాటి ఏకరువును పైనుంచి చదవకండి. ఏ ప్యాకేజీల దగ్గర ఎక్కువ ఇబ్బంది పడిందో చివర వరుసగా చెబుతుంది, అక్కడి మొదటి రెండు మూడు పేర్లలోనే దొంగ ఉంటాడు. ఎలౌ-న్యూయర్ (పై హద్దును పట్టించుకోవద్దనే సెట్టింగ్) వాడాల్సి వస్తే ఫలానా ప్యాకేజీకి ఫలానా హద్దు అని పేరు పెట్టి సడలించండి. అన్నిటికీ ఒకేసారి వదిలేస్తే కంపైల్ అయినంత మాత్రాన పని సరిగ్గా చేస్తుందన్న హామీ లేదు.

స్టాక్ 2015లో వచ్చింది. కలిపి కంపైల్ చేసి చూసిన వేల ప్యాకేజీల జాబితాను ఒక్క పేరుతో ఇస్తుంది: ఎల్‌టీఎస్ 21 అంటే కంపైలర్ 9.4, 22 అంటే 9.6, 23 అంటే 9.8. క్లాసులో అరవై మంది విద్యార్థుల దగ్గర ఒకే రకంగా బిల్డ్ కావాలంటే ఇప్పటికీ ఇదే సులువు. చిరాకు రెండు చోట్ల. జాబితాలో లేని ప్యాకేజీ ఒకటి ఎక్స్‌ట్రా-డెప్స్‌లో పెడితే దాని వెనకాల ఇంకో నాలుగు పెట్టాల్సి వస్తుంది. పైగా తన కంపైలర్‌ను తానే విడిగా దించుకుంటుంది కాబట్టి డిస్క్ మీద జీబీలు రెట్టింపవుతాయి. సిస్టమ్-జీహెచ్‌సీ ట్రూ, ఇన్‌స్టాల్-జీహెచ్‌సీ ఫాల్స్ అని పెడితే జీహెచ్‌సీఅప్ దించినదాన్నే వాడుకుంటుంది.

ఇప్పుడు వెర్షన్ మారి టైప్ ఎర్రర్‌గా తేలేవి. జేసన్ డేటాను చదివే, రాసే ప్యాకేజీ ఏసన్ 2.0లో జేసన్ ఆబ్జెక్ట్ లోపల హ్యాష్‌మ్యాప్ పోయి కీమ్యాప్ వచ్చింది. పాత కోడ్‌లో "టెక్స్ట్ ఇచ్చారు, కీ కావాలి" అని వరుసగా ఎర్రర్లు పడతాయి. కీ మాడ్యూల్‌లోని ఫ్రమ్‌టెక్స్ట్, టుటెక్స్ట్ పెట్టి, హ్యాష్‌మ్యాప్ ఫంక్షన్ల స్థానంలో కీమ్యాప్‌వి పెడితే సరిపోతుంది. మోనాడ్ల ప్యాకేజీ ఎంటీఎల్ 2.3 వచ్చాక వెన్, ఫర్‌ఎమ్_ లాంటివి స్కోప్‌లో లేవంటుంది. ఆ ప్యాకేజీ వాటిని తిరిగి ఎగుమతి చేయడం మానేసింది, కంట్రోల్ మోనాడ్‌ను విడిగా ఇంపోర్ట్ చేసుకోవాలి. కంపైలర్ 9.0 దాటినప్పుడు, ఫర్‌ఆల్ (ఏ టైపుకైనా అని చెప్పే మాట) ఉన్న టైపుల దగ్గర ఫంక్షన్ పేరు ఒక్కటే ఇస్తే ఒప్పుకోని చోట్లు తగులుతాయి. పేరుకు బదులు లామ్డా (పేరులేని ఫంక్షన్) రాసి ఆర్గ్యుమెంట్‌ను చేతికి అందించాలి. ఇలాంటివి ఫైలు నిండా ఉంటే 9.2.4 నుంచి ఉన్న డీప్‌సబ్‌సంప్షన్ ఎక్స్‌టెన్షన్ తాత్కాలికంగా ఆదుకుంటుంది.

టెక్స్ట్‌కూ టెక్స్ట్‌కూ పొత్తు కుదరలేదన్న ఎర్రర్ కొత్తవాళ్లను బాగా ఏడిపిస్తుంది. అందులో "లేజీ" అనే మాట ఉందా చూడండి, ఉంటే దాన్ని మామూలు టెక్స్ట్‌గా మార్చే టుస్ట్రిక్ట్ చాలు. రెండు పేర్ల పక్కన వేర్వేరు వెర్షన్ నంబర్లుంటే మాత్రం కోడ్‌లో వెతకడం దండగ. ఎప్పుడో కేబల్ ఇన్‌స్టాల్‌ను లిబ్ ఫ్లాగ్‌తో నడిపి ఉంటారు. అది హోమ్‌లోని .జీహెచ్‌సీ ఫోల్డర్ కింద ఎన్విరాన్‌మెంట్ ఫైలు వదిలిపెడుతుంది. దాన్ని తీసేసి, జీహెచ్‌సీఐని (కోడ్ టైప్ చేసి అప్పటికప్పుడు నడిపి చూసే షెల్) కేబల్ రెప్ల్ ద్వారానే తెరవండి.

ఇవేవీ కావని తేలాక మిగిలేవే నిజమైన టైపు ప్రశ్నలు. స్ట్రింగ్‌ను రీడ్ చేసి వెంటనే షో చేస్తే మధ్యలో ఏ టైపో తెలియక "యాంబిగ్యువస్" అంటుంది, టైప్ అప్లికేషన్‌తో @ పెట్టి టైపు చెప్పండి. లోపలి ఫంక్షన్ సిగ్నేచర్‌లో పైనున్న "ఏ" అక్షరమే మళ్లీ రాసినా, పైన ఫర్‌ఆల్ రాయకపోతే అది కొత్త "ఏ" కిందే లెక్క. దారి తోచనప్పుడు ఆ చోట _ పెట్టి కంపైల్ చేస్తే అక్కడ ఏ టైపు కావాలో, చేతిలో ఏవేవి సరిపోతాయో కంపైలరే జాబితా ఇస్తుంది. ఈ భాషలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మిర్చి లెక్కలకొస్తే టిక్కీలు (మిర్చి బస్తాలు), కిలోలు, క్వింటాళ్లు, రూపాయలు అన్నిటికీ వేర్వేరు న్యూటైపులు (ఉన్న టైపుకే కొత్త పేరు పెట్టి వేరు చేసేవి) కావాలి. అయితే వాటికి కూడిక, గుణకారం రెండూ ఇచ్చే నమ్ క్లాసును డిరైవ్ చేయకూడదు. చేస్తే క్వింటాళ్లను క్వింటాళ్లతో గుణించినా కంపైలర్ కిమ్మనదు. కూడిక మాత్రమే కావాలి కాబట్టి సెమిగ్రూప్, మోనాయిడ్‌లను సమ్ ద్వారా డిరైవింగ్ వయాతో తెచ్చుకుంటే సరి, ఇది జీహెచ్‌సీ 8.6 నుంచి ఉంది. ధరకూ బరువుకూ గుణకారం ఒకే ఒక్క ఫంక్షన్‌లో ఉండాలి, రౌండింగ్ కూడా అక్కడే. డబ్బును డబుల్‌లో (దశాంశ సంఖ్యల టైపు) పెట్టకండి, పైసలుగా ఇంటీజర్‌లో పెట్టండి. ఫ్రమ్‌ఇంటిగ్రల్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు: 300ను 255 దాకానే పట్టే వర్డ్8లోకి మారిస్తే ఎర్రర్ లేకుండా 44 వస్తుంది.

తెలుగు పేర్లు అచ్చు వేసే చోట టైపులు చేతులెత్తేస్తాయి. టెక్స్ట్ లెంగ్త్ లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ పాయింట్లను (గుణింతం గుర్తు కూడా విడిగా ఒకటి), అక్షరాలను కాదు. "గుంటూరు"కు 7 వస్తుంది, "విజయవాడ"కూ 7 వస్తుంది. అందుకే ఖాళీలు చేర్చి వెడల్పు సరిచేసే జస్టిఫైలెఫ్ట్‌తో పట్టీ మీద వరుసలు కుదరవు. టెక్స్ట్ 2.0 లోపల యూటీఎఫ్-16 నుంచి యూటీఎఫ్-8కి మారింది. తెలుగు కోడ్ పాయింట్‌కు రెండు బైట్ల చోట మూడు పడుతుంది, ర్యామ్ కొంచెం పెరుగుతుంది. ఫైలు చదివేటప్పుడు మార్పిడి పని తప్పింది కాబట్టి బేరం నష్టమేమీ కాదు. సర్వీసుగా నడిపినప్పుడు లాంగ్ (సిస్టమ్ భాష సెట్టింగ్) విలువ లేక "ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్" అని పడిపోతే, మెయిన్ మొదట్లోనే స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ పెట్టేయండి.

కంటికి కనిపించే అక్షరాల లెక్క కావాలంటే టెక్స్ట్-ఐసీయూ ప్యాకేజీ ఉంది, అది వాడే యూనికోడ్ లైబ్రరీ ఐసీయూ కోసం లిబ్‌ఐసీయూ-డెవ్ ముందు వేసుకోవాలి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఒత్తులను కలిపి లెక్కించే నియమం తెచ్చింది. ఐసీయూ వెర్షన్‌ను బట్టి "మిర్చి" ఒక మెషీన్‌లో 3, మరో మెషీన్‌లో 2 కావచ్చు. ఫ్రీజ్ ఫైలుకు ఆ సిస్టమ్ లైబ్రరీ సంగతే తెలియదు, ఏ ఉబుంటు మీద బిల్డ్ చేశారో రీడ్‌మీలో మీరే రాసిపెట్టుకోవాలి.