తల-మెడ సిరల ప్లాస్టిక్ మోడల్: వైవాకి పర్లేదు, డిసెక్షన్ హాల్లో మాత్రం కంగారు పెట్టింది

ఎంబీబీఎస్ ఫస్టియర్. హెడ్ అండ్ నెక్ అంటేనే టెన్షన్, అందుకే నేనూ మా రూమ్మేటూ చెరిసగం వేసుకుని 4,200 పెట్టి ఈ మోడల్ ఆన్‌లైన్లో తెప్పించాం. నెలరోజులు వాడాక రాస్తున్నా.

బాగున్నది ముందు చెప్తా. మెడ పక్కనుండే స్టెర్నోమాస్టాయిడ్ కండరానికి మాగ్నెట్ ఉంది, లాగితే టక్కున ఊడొస్తుంది, కింద కెరోటిడ్ ధమని పక్కనే ఇంటర్నల్ జుగులర్, అంటే మెడ లోపలి పెద్ద సిర. రెట్రోమాండిబులర్ సిర చెవి ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథిలోంచి దిగి రెండుగా చీలడం, ముందు పాయ ముఖం నుంచి వచ్చే ఫేషియల్ సిరతో కలిసి ఇంటర్నల్ జుగులర్లోకి పోవడం, వెనక పాయ చెవి వెనకుండే పోస్టీరియర్ ఆరిక్యులర్ సిరతో కలిసి ఎక్స్‌టర్నల్ జుగులర్ (మెడ మీద పైపైన దిగే సిర) అవడం, ఇదంతా పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు, వేలు పెట్టి తడుముతూ చదివితే ఒక్క రాత్రిలో వచ్చేసింది.

తర్వాత డిసెక్షన్ హాల్‌కి వెళ్ళాం. మా టేబుల్ మీది శవంలో ఎడమవైపు ఫేషియల్ సిర ఇంటర్నల్ జుగులర్ దాకా పోనేలేదు, పక్కకి తిరిగి ఎక్స్‌టర్నల్ జుగులర్లో కలిసింది. ఏదో తెంపేశాం అనుకుని ఇద్దరికీ చెమటలు. మేడం వచ్చి ఫోర్‌సెప్స్‌తో ఎత్తి చూసి, "మీరేం తెంపలేదమ్మా, ఈయనకి ఇంతే" అన్నారు. పక్క టేబుల్ వాళ్ళకైతే రెట్రోమాండిబులర్ అసలు చీలకుండా మొత్తం ఫేషియల్‌తోనే పోయింది, ఎక్స్‌టర్నల్ జుగులర్ దారప్పోగులా మిగిలింది. పిండంలో సిరలు వలలాగా మొదలవుతాయట, అందులో ఏ పాయ నిలుస్తుంది, ఏది మాసిపోతుంది అన్నదాన్ని బట్టి మనిషికో దారి. ఒకే మనిషిలో కుడికీ ఎడమకీ కూడా తేడా రావచ్చు.

మోడల్లో ఇదేదీ లేదు. పైగా కుడి ఇంటర్నల్ జుగులర్ చాలామందిలో ఎడమదాని కన్నా లావుగా ఉంటుంది, వీళ్ళు రెండూ ఒకే సైజు పోసేశారు. నాలుగు పేజీల బుక్‌లెట్ ఇచ్చారు కదా, అందులో ఒక్క లైనన్నా వేరియేషన్ల గురించి రాయొచ్చుగా! సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టే సన్నటి గొట్టం) వేసేవాళ్ళు ముందు అల్ట్రాసౌండ్ పెట్టి చూసేది ఊరికే కాదు.

నీలం రంగు మూడో వారానికే గోటికి అంటుకొచ్చింది. కంపెనీకి ఫొటోలు పంపితే జవాబు లేదు.

మూడు స్టార్లు. సీనియర్ల దగ్గర సగం ధరకి దొరికితే తీసుకోండి, కొత్తది అనవసరం. మేమైతే ఫేషియల్ నుంచి ఎక్స్‌టర్నల్ జుగులర్‌కి నీలం ఊలు దారం ఫెవికాల్‌తో అతికించాం. పక్క టేబుల్ కేసుకి ఇంకోటి అతికిద్దామని రూమ్మేట్ గొడవ, నేనే వద్దన్నా, ఇప్పటికే మాగ్నెట్ సరిగ్గా అంటుకోవట్లేదు.