అంతా విప్పి చెప్పే నవలా, ముడి విప్పని నవలా: ఏది మేలు?

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ రెండూ 1940లలో, కొద్దిపాటి తేడాతో వచ్చినవే. రెండింటిలోనూ సంఘటనల కన్నా నాయకుడి ఆలోచనలే ఎక్కువ చోటు తీసుకుంటాయి. అయితే ఒకటి అన్నిటికీ కారణం చూపిస్తుంది, రెండోది అసలు సంగతినే చీకట్లో ఉంచుతుంది. ఏది గొప్పదని అడిగితే నా జవాబు వయసుతో పాటు మారింది.

‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి గోపీచంద్ తన నవలను అంకితమిచ్చారు. ఆ ప్రశ్న పుస్తకమంతా వెంటాడుతుంది. నాయకుడు సీతారామారావు ఏం చేసినా, ఏం చేయకపోయినా, అందుకు తగిన వాదం ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆస్తి కరిగిపోతుంటే అది వంశ గౌరవమని సరిపెట్టుకుంటాడు. ఏ పనిలోనూ నిలవలేకపోతే లోపం లోకానిదంటాడు. చదువుతుంటే ఆ తర్కం మనకూ సబబుగానే తోస్తుంది, నన్ను భయపెట్టింది అదే. ఇన్ని ఆలోచనలున్న మనిషి ఒక్క నిర్ణయమైనా తనదిగా తీసుకోడు. శ్మశానంలో జరిగే చివరి ఘట్టం దగ్గరికి వచ్చేసరికి అతని గురించి నాకు తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు. ఆ స్పష్టతే నవలకు బలం. కానీ మళ్లీ చదివినప్పుడు నాకు కొత్తగా దొరికింది తక్కువ.

‘చివరకు మిగిలేది’ నాయకుడు దయానిధి సంగతి వేరు. తల్లి గురించి లోకం అనే మాటలు అతని ప్రేమలోకీ పెళ్లిలోకీ చొరబడతాయి. ఇంతకూ ఆమె చేసిందేమిటి? బుచ్చిబాబు తేల్చి చెప్పరు. ఇరవై ఏళ్ల వయసులో ఇది నాకు కోపం తెప్పించింది, రచయిత తప్పించుకున్నాడనిపించింది. నలభై దాటాక చదివితే అర్థమైంది: నిజం తెలిసినా దయానిధి పని తేలిక కాదు. అమ్మను ప్రేమించడానికి రుజువులు కావాలా వద్దా అన్నది అతను ఒంటరిగా తేల్చుకోవలసిందే. ఈ నవలకు మొదట ‘ఏకాంతం’ అని పేరుండేదట. ఆ పేరూ తగినదే.

లోపం లేదనను. దయానిధి ప్రేమించే కోమలి నాకు మనిషిగా కన్నా ఒక ఊహగానే కనిపిస్తుంది. రాయలసీమలో వజ్రం దొరకడం కథకు బరువు పెంచలేదు. సీతారామారావు నడిచే నేల ఇంతకన్నా గట్టిది.

అయినా మళ్లీ చదవడానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను తీసేది ‘చివరకు మిగిలేది’. ఇరవై ఏళ్లవారికి మాత్రం ముందు గోపీచంద్‌నే ఇస్తాను. తమ సాకులను తాము పట్టుకోవడం ఆ వయసులోనే అవసరం. దయానిధితో ఇప్పటికి రెండుసార్లు నడిచాను. మూడోసారి అతని జీవితంలోని మరో స్త్రీ అమృతం వైపు నుంచి చదవాలని ఉంది.