రీస్టోర్ చేసిన పాత కారు కొంటున్నారా? ముందు తలుపుల గ్యాప్ చూడండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు పాత కార్లు కొందామనుకునే అన్నలకు, తమ్ముళ్లకు చెబుతున్నాను. డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మార్చిలో హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఒక షెడ్డులో రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాను. 1960లలో మద్రాసులో తయారైన బండి. స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే (బండి కింది ఇనుప చట్రం) కురచ చేసి కట్టారు, అందుకే చిన్నప్పటి నుంచి నాకు దీని మీద మనసు. ఎర్ర పెయింట్ అద్దంలా మెరుస్తోంది. డ్రైవర్ తలుపు వెనక అంచున గ్యాప్ పైన సన్నగా, కింద వెడల్పుగా ఉందేమిటని అడిగాను. "పాత బండ్లన్నీ అంతే సార్, కీలు టైట్ చేస్తే సరిపోతుంది" అన్నాడు అమ్మినవాడు. నమ్మాను.

రెండు నెలలు తిరగకముందే దేవరకొండ రోడ్డు గుంతల్లో తలుపు అంచున పెయింట్ పగిలి, లోపలి లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ) పెచ్చులుగా ఊడింది. మూడు రూపాయి బిళ్లలు పేర్చినంత మందం!

మా టింకరింగ్ చాచా బండి కిందికి దూరి చూసి, "కీలు బాగానే ఉన్నాయి బేటా, కింద ఖరాబైంది" అన్నాడు. హెరాల్డ్‌కు బాడీ వేరు, ఛాసిస్ వేరు. ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే ఇనుప చేతుల మీద, మధ్యలో ప్యాకింగ్ ముక్కలు పెట్టి బాడీని బిగిస్తారు. ఆ చేతులు తుప్పుపట్టి, బాడీ నడుం దగ్గర కుంగింది. నడుం కుంగితే తలుపు చోటు పైన ముడుచుకుంటుంది, కింద తెరుచుకుంటుంది. రీస్టోర్ చేసినవాళ్లు ఆ రోగం ముట్టుకోలేదు. పైన తలుపు అంచు గ్రైండర్‌తో కోసి, కింద లప్పం నింపి రంగు వేశారు. కోసిన రేకు మళ్లీ రాదు, నాకు అన్నిటికన్నా బాధ అదే.

కొనేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. తలుపు కింది అంచున అతుక్కోకపోతే అక్కడ లప్పం మందంగా ఉన్నట్టే. 4 మి.మీ. ప్లైవుడ్ ముక్కను గ్యాప్ చుట్టూ జరిపి చూడండి, ఎక్కడ ఇరుకుతుందో, ఎక్కడ వదులవుతుందో తెలిసిపోతుంది. తలుపు తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి. లొడలొడలాడితే కీలు అరిగినట్టు. కదలకుండా ఉండి కూడా గ్యాప్ వంకరగా ఉంటే కింద పడుకుని ఛాసిస్ చూడాల్సిందే, బట్టలు పాడైనా సరే. రంగు వేయకముందు ఫొటోలు అడగండి. నేను అడిగితే ఫోన్ పోయిందన్నాడు, అప్పుడే లేచి రావాల్సింది.

బాగు చేయించేవాళ్లకు ఇంకో మాట. ఇంజను, చక్రాలు ఎక్కించి, బండి బరువు నేల మీద ఉన్నప్పుడే గ్యాప్ సెట్ చేయించండి. తలుపు రబ్బరు కూడా పెట్టి చూడాలి, కొత్త రబ్బరు తలుపును బయటికి నెడుతుంది. రంగు ఆ తర్వాతే.

ఇప్పటికి 85 వేలు అదనంగా అయింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. ఎడమ పక్క చేతులు కొత్తవి వెల్డింగ్ అయ్యాయి, ఆ తలుపు ఒక్క వేలితో నెడితే పడుతోంది. కుడి పక్క పని వచ్చే వారం మొదలవుతుంది.