వితంతు పింఛనా, వృద్ధాప్య పింఛనా, పీఎఫ్ పింఛనా: ఏ వయసులో ఏది మేలు?

భర్త చనిపోయిన మహిళకు నెలనెలా డబ్బు అందే దారులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రధానంగా మూడు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వితంతు పింఛను, అదే ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను, భర్త పీఎఫ్ కోసే ఉద్యోగం చేసి ఉంటే పీఎఫ్‌ను చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్ఓ నుంచి వచ్చే కుటుంబ పింఛను. మూడింటికీ వయసు లెక్క వేరు. ఒకదాని వయసు నిబంధనను మరోదానికి అంటగట్టి "నీకింకా వయసు రాలేదు" అని ఎవరో చెబితే, అది నమ్మి ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి ముందు వయసు సంగతే తేల్చుకుందాం.

నలభై ఏళ్ల మాట ఎక్కడిది?

కేంద్రం 2009లో మొదలుపెట్టిన ఇందిరాగాంధీ జాతీయ వితంతు పింఛను పథకంలో వయసు పరిమితి ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్నవారికి కేంద్రం తన వాటాగా నెలకు రూ.300 ఇస్తుంది. 80 నిండాక వృద్ధాప్య పింఛను కింద రూ.500 ఇస్తుంది. అయితే ఈ వాటా రాష్ట్రానికి వెళ్లి, రాష్ట్రం ఇచ్చే మొత్తంలో కలిసిపోతుంది. విడిగా చేతికి రాదు.

రాష్ట్ర వితంతు పింఛనుకు మాత్రం 18 ఏళ్లు నిండితే చాలు. రెండు రాష్ట్రాల్లోనూ అంతే. 26 ఏళ్లకే భర్తను కోల్పోయిన అమ్మాయికి కేంద్రం వాటా వర్తించకపోయినా మొత్తం డబ్బు రాష్ట్రమే పెట్టుకుంటుంది. ఆమెకు వచ్చే పింఛనులో రూపాయి తగ్గదు. "నలభై నిండాక రా" అని ఎవరైనా అంటే అది కేంద్ర వాటా నిబంధన అని గట్టిగా చెప్పండి, దరఖాస్తు తీసుకొని రసీదు ఇవ్వమనండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛను నెలకు రూ.4,000. 2024 జులై 1న పాత మూడు నెలల తేడా కలిపి రూ.7,000 ఇచ్చింది ఈ పెంపు వల్లే. తెలంగాణలో ఆసరా కింద 2014లో రూ.1,000తో మొదలై 2019లో రూ.2,016 అయింది. చేయూత పేరిట రూ.4,000 ఇస్తామన్నది ఎన్నికల హామీ. ఇంటి లెక్కలు వేసుకునేటప్పుడు హామీని కాదు, చేతికొచ్చే మొత్తాన్నే పట్టుకోండి.

అరవై దాటాక మార్చుకోవాలా?

వృద్ధాప్య పింఛనుకు ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు నిండాలి, ఎస్టీలకైతే 50. తెలంగాణలో 65గా ఉన్నదాన్ని 57కు తగ్గించారు. వితంతు, వృద్ధాప్య పింఛన్ల మొత్తం ఏ రాష్ట్రంలో చూసినా ఒకటే. అందుకని ఇప్పటికే వితంతు పింఛను తీసుకుంటున్నవాళ్లు అరవై వచ్చిందని మార్పించుకోవాల్సిన పని లేదు. మార్పు అంటే కొత్త పరిశీలన, మధ్యలో నెలలు ఆగే ప్రమాదం, చివరికి వచ్చేది అదే మొత్తం. కదిలించకపోవడమే మేలు.

అప్పుడే కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్ల విషయం వేరు. ఇక్కడ నిజంగా ఎంచుకోవాల్సి వస్తుంది, ఎంపికను తేల్చేది భర్త మరణ ధ్రువపత్రం. వితంతు పింఛనుకు అది తప్పనిసరి, వృద్ధాప్య పింఛనుకు అక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందట భర్త పోయాడు, అప్పట్లో పంచాయతీలో మరణం నమోదు చేయించలేదు, ఇప్పుడామెకు 62 ఏళ్లు అనుకోండి. ఆ ధ్రువపత్రం కోసం తిరగడం దండగ. ఆధార్‌లో వయసు సరిగా ఉంటే నేరుగా వృద్ధాప్య పింఛనుకే పెట్టాలి.

అదే పరిస్థితిలో ఆమెకు 55 ఏళ్లైతే లెక్క తిరగబడుతుంది. అరవై వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 60 నెలలు, నెలకు రూ.4,000 చొప్పున రూ.2,40,000 వదులుకున్నట్టు. దీంతో పోలిస్తే ఆలస్య నమోదు కష్టం ఏపాటిది! ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే మెజిస్ట్రేటు అధికారాలున్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర గానీ మున్సిపాలిటీలో గానీ "మా రికార్డుల్లో ఈ మరణం నమోదు కాలేదు" అన్న ధ్రువపత్రం తీసుకోవాలి. దాన్నీ, ప్రమాణపత్రాన్నీ, మరణానికి దొరికిన ఆధారాలనూ జతచేసి మీసేవలో ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఆసుపత్రి కాగితం, పాత రేషన్ కార్డులో పేరు తొలగించిన నమోదు ఉంటే పని తేలికవుతుంది. విచారణకు వచ్చినవారికి ఇరుగుపొరుగు చెప్పే తేదీ, దరఖాస్తులో రాసిన తేదీ ఒకటే కావాలి. చాలా దరఖాస్తులు తిరిగొచ్చేది ఈ తేడా వల్లే.

ఇప్పుడిప్పుడే ఇంట్లో మరణం జరిగినవాళ్లకు ఒక్క మాట. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆ మూడు వారాల్లో ఇంట్లో ఎవరో ఒకరు కర్మకాండల మధ్యలోనైనా ఈ పని పూర్తిచేయాలి. తర్వాత అన్ని పనులకూ అదే మూలం.

వృద్ధాప్య పింఛనుకు ఇంకో వెసులుబాటు ఉంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పింఛను ఆగిపోతుంది, వృద్ధాప్య పింఛను ఆగదు. అరవై దాటినవారికి కూడా ఈ తేడా ఉపయోగపడే సందర్భాలుంటాయి.

వయసు చూసేది ఆధార్‌లోనే. పుట్టిన తేదీని అందులో మామూలుగా ఒక్కసారే మార్చుకోవచ్చు, దానికీ సరైన పత్రం ఉండాలి. పింఛను కోసమని వయసు పెంచి మార్పించుకుంటే తనిఖీలో దొరికిపోయే వీలుంది. వచ్చే పింఛను కూడా అక్కడితో పోతుంది.

భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే

వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న భర్త పోతే భార్యకు పింఛను ఇచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో మొదలైంది. దాన్ని స్పౌజ్ కేటగిరీ అంటారు. మామూలు కొత్త దరఖాస్తులా నెలల తరబడి వేచి ఉండక్కర్లేదు. భర్త మరణ ధ్రువపత్రం, ఆధార్ తీసుకొని వెంటనే గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లాలి. ఇంకా అరవై నిండని భార్యకు ఇది చాలా పెద్ద అండ. ఆమె వయసు 48 అయినా వితంతువుగా అర్హురాలే. వృద్ధాప్య కేటగిరీ ఏదో అనుకొని ఊరుకుంటారు, అలా ఊరుకోవద్దు.

ఒకే కార్డు చిక్కు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక రేషన్ కార్డుకు ఒకే పింఛను. తీవ్ర వైకల్యం, కిడ్నీ జబ్బు వంటి కొన్నింటికే మినహాయింపు. చిన్న వయసులో భర్త పోయిన కోడలు అత్తమామల కార్డులోనే ఉండి, అత్తకు వృద్ధాప్య పింఛను వస్తుంటే కోడలి దరఖాస్తు ముందుకు కదలదు. వయసు సరిపోయినా, పత్రాలన్నీ ఉన్నా ఇదే జరుగుతుంది. ముందు కార్డు విభజన చేయించుకొని, తన పేరూ పిల్లల పేర్లూ వేరు కార్డులోకి వచ్చాకే పింఛనుకు పెట్టాలి. వరస తప్పితే తిరస్కరణ రికార్డులో పడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మిగతా వడపోతలూ ఉన్నాయి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు రూ.10,000, పట్టణంలో రూ.12,000 లోపు ఉండాలి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, సొంత కారు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపన్ను కట్టేవారు ఉన్నా రాదు. కరెంటు దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. అద్దెకున్న ఇంటి మీటరుకో, అదే పేరున్న వేరే మీటరుకో ఆమె ఆధార్ కలిసి ఉంటుంది. విద్యుత్ కార్యాలయంలో ఆ అనుసంధానం తీయించి కాగితం తెచ్చి సచివాలయంలో ఇవ్వాలి. తెలంగాణలో భూమి పరిమితి తరి మూడెకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు.

పీఎఫ్ పింఛను: వయసుతో పనే లేదు

భర్త ఏ మిల్లులోనో, ప్రైవేటు ఆసుపత్రిలోనో, సెక్యూరిటీ ఏజెన్సీలోనో పనిచేస్తూ చనిపోయాడా? పీఎఫ్‌తో ముడిపడిన పింఛను పథకం ఈపీఎస్-95 కింద ఒక్క నెల చందా జమై ఉన్నా భార్యకు జీవితాంతం పింఛను వస్తుంది. పదేళ్ల సర్వీసు ఉండాలన్నది ఆయన బతికుండి తన పింఛను తీసుకోవడానికి పెట్టిన షరతు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే అది వర్తించదు. భార్యకు 22 ఏళ్లా, 52 ఏళ్లా అని కూడా చూడరు. ఉద్యోగం మానేశాక, పదేళ్లు నిండకుండా చనిపోతే మాత్రం పింఛను రాదు, జమైన మొత్తానికి ఉపసంహరణ లెక్కే మిగులుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. పింఛను జీతాన్ని (పింఛను లెక్కకు పట్టుకునే జీతాన్ని) సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. పింఛను జీతం గరిష్ఠం రూ.15,000. ఏడేళ్ల సర్వీసుంటే 15,000 × 7 ÷ 70 = రూ.1,500. పథకంలోని పట్టిక ప్రకారం వచ్చేది ఇంతకన్నా ఎక్కువైతే ఆ మొత్తమే ఇస్తారు. ఎంత తక్కువ లెక్క వచ్చినా నెలకు రూ.1,000 తగ్గదు. దీనిమీద ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి 25 ఏళ్లు నిండేదాకా భార్య పింఛనులో నాలుగో వంతు వస్తుంది, అంటే ఇక్కడ రూ.375 చొప్పున. ఇల్లు మొత్తానికి రూ.2,250.

మళ్లీ పెళ్లి చేసుకుంటే భార్య పింఛను ఆగుతుంది. అప్పుడు పిల్లలకు అనాథ పింఛను వర్తిస్తుంది. అది ఒక్కొక్కరికి భార్య పింఛనులో 75 శాతం, అంటే రూ.1,125. ఇద్దరికి కలిపి మళ్లీ అదే రూ.2,250. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లను "పెళ్లి చేసుకుంటే పిల్లల నోటి దగ్గర కూడు పోతుంది" అని భయపెట్టేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. పిల్లలు ఇద్దరుంటే, వాళ్లకు పాతికేళ్లు వచ్చేదాకా ఆ ఇంటికి పైసా తగ్గదు.

దరఖాస్తు ఫారం 10డి. మరణ క్లెయిముకు ఉమ్మడి ఫారంలో పీఎఫ్ నిల్వ, బీమా, పింఛను మూడూ ఒకేసారి అడగవచ్చు. పీఎఫ్‌తో పాటే ఉండే జీవిత బీమా ఈడీఎల్ఐ గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు. క్లెయిము ఆగేది ఎక్కువగా మూడు చోట్ల: యాజమాన్యం ఉద్యోగం ముగిసిన కారణాన్ని "మరణం" అని నమోదు చేయకపోవడం, భార్య పేరు ఆధార్‌లో ఒకలా పీఎఫ్ నామినేషన్‌లో ఒకలా ఉండటం, పిల్లలకు బ్యాంకు ఖాతాలు లేకపోవడం. మొదటిది సంస్థ సరిచేయాలి. లిఖితపూర్వకంగా అడిగినా చేయకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాలి.

రెండింట్లో ఒకటే అంటే?

వేరే పింఛను పథకంలో ఉన్నవారికి సామాజిక పింఛను ఇవ్వరాదని ఆంధ్రప్రదేశ్ నిబంధన. అందుకే రూ.4,000 ఒకపక్క, రూ.2,250 ఒకపక్క పెట్టి తూచుకోవాల్సి వస్తుంది. అంకె మాత్రమే చూస్తే రాష్ట్ర పింఛను బరువు. కానీ అది ఏటేటా వడపోతకు నిలబడాలి. తమ్ముడికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చి అదే కార్డులో ఉన్నా, కరెంటు వాడకం పరిమితి దాటినా పోవచ్చు. ఈపీఎస్ అలా కాదు. ఏడాదికోసారి బతికే ఉన్నట్టు జీవన ప్రమాణ పత్రం ఇస్తే చాలు, ఇంట్లో ఎవరేం సంపాదించినా వస్తుంది.

నా అభిప్రాయంలో, చదువుకునే పిల్లలున్న, ఇంట్లో ఇతరుల సంపాదన పెరిగే అవకాశం ఉన్న యువతికి ఈపీఎస్సే మేలు. పిల్లలు స్థిరపడి, ఈపీఎస్ కనీసం రూ.1,000 దగ్గరే ఆగిపోయిన, సొంత కార్డుతో ఒంటరిగా ఉన్న 50 ఏళ్ల మహిళకు రాష్ట్ర పింఛనే మేలు. తెలంగాణలో రూ.2,016 కనుక ఈపీఎస్ వైపే ఎక్కువ మొగ్గుతుంది. ఆలస్యమైనా ఈపీఎస్ మరణం మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయితో ఇస్తారు. రాష్ట్ర పింఛను మంజూరైన నాటి నుంచే తప్ప వెనకటి నెలలకు రాదు. కాబట్టి తేల్చుకోవడానికి సమయం ఉన్నది ఈపీఎస్ వైపే, రాష్ట్ర పింఛనైతే ఆలోచించే ప్రతి నెలా ఒక నెల పోయినట్టే. ఒకటి తీసుకుంటూ రెండోది దాచడం మాత్రం వద్దు. తెలిస్తే వసూలు చేస్తారు.

భర్త జాడ లేకపోతే

చనిపోయాడో బతికున్నాడో తెలియనప్పుడు వితంతు పింఛను రాదు. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు. అందాకా ఒంటరి మహిళ పింఛను దిక్కు. ఇక్కడ మళ్లీ వయసు అడ్డొస్తుంది: భర్త వదిలేసిన మహిళకు తెలంగాణలో 18 దాటితే చాలు, ఆంధ్రప్రదేశ్‌లో వయసు పరిమితి ఇంకా ఎక్కువ. పోలీసు ఫిర్యాదు నకలు మొదటి రోజు నుంచే దాచుకోవాలి, ఏడేళ్లు లెక్కపెట్టేది దాంతోనే.

మంజూరయ్యాక ఒక జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తేదీన ఇంటికొచ్చి ఇచ్చే పింఛనును వరసగా రెండు నెలలు అందుకోలేకపోతే మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడు నెలలూ అందుకోకపోతే శాశ్వతంగా ఊరు వదిలినట్టు లెక్కేసి ఆపేస్తారు. కూతురి ఇంటికి పురుడుకో, వలస పనికో వెళ్లేవాళ్లు మూడో నెల ఒకటో తేదీకి ఊళ్లో ఉండేలా చూసుకోవాలి.