చిన్న వాగుకు 4-వెయిట్ ఫైబర్‌గ్లాస్ రాడ్డు: కర్ర మంచిది, లైను పనికిరాదు

టెక్సస్‌లోని రౌండ్ రాక్‌లో మా ఇంటికి నడక దూరంలో బ్రషీ క్రీక్ పారుతుంది. ఊరికి ఆ పేరు తెచ్చిన గుండ్రని బండ కూడా ఈ వాగులోనే ఉంది. చాలాచోట్ల మోకాలి లోతు దాటని ఈ నీటిలో బ్లూగిల్, రెడ్‌బ్రెస్ట్ వంటి చిన్న చేపలు దొరుకుతాయి. పెనంలో ఇమిడిపోయేంత ఉంటాయి కనుక వీటిని పాన్‌ఫిష్ అంటారు. వీటితో పాటు లార్జ్‌మౌత్ బాస్, 1989 నుంచి టెక్సస్ రాష్ట్ర చేపగా ఉన్న గ్వాడలూప్ బాస్ కూడా ఉన్నాయి. వీటి కోసం గత మార్చిలో ఏడున్నర అడుగుల 4-వెయిట్ (అంటే 4వ తరగతి బరువు లైనుకు సరిపడే) ఫైబర్‌గ్లాస్ ఫ్లై ఫిషింగ్ రాడ్డు, రీలు, లైను కలిసిన కిట్టును 150 డాలర్లకు కొని, ఆరు నెలలుగా వాడుతున్నాను.

గోదావరి కాలువ గట్టున వెదురు గాలానికి నెమలీక కాడను బెండుగా కట్టి, వానపామును గుచ్చి పెరిగినవాడిని. ఫ్లై ఫిషింగ్‌లో ఈకలతో కట్టిన ఎరకు బరువే ఉండదని, లైను బరువే దాన్ని మోసుకుపోవాలని ఒంటబట్టడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. 4-వెయిట్ లైనుకు మొదటి 30 అడుగుల ప్రామాణిక బరువు 120 గ్రెయిన్లు, అంటే సుమారు 8 గ్రాములు. వాగులో విసిరేది ఇరవై అడుగులే కనుక అందులో కొంత బరువే కర్ర మీద పడుతుంది. బిరుసైన గ్రాఫైట్ రాడ్డయితే సరిగా వంగక, లైను కాళ్ల ముందే కుప్పపడుతుంది. ఈ రాడ్డు మాత్రం పిడి దాకా వంగి, తాపీగా లేచి, నీటి మీద తేలే ఎర అయిన పాపర్‌ను అవతలి గట్టున చెట్ల వేళ్ల నీడలోకి చేరుస్తుంది. పాపర్ చుట్టూ లేచిన వలయాలు అణిగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు అరచేయంత బ్లూగిల్ ఒకటి దాన్ని అందుకుని ఒళ్లు అడ్డం తిప్పి లాగితే, రాడ్డు కొన నీటిని తాకింది. అంత చిన్న చేపతో అంత పెనుగులాట ఈ మెత్తదనం వల్లే సాధ్యం. ఎదురుగాలి వీచినా, బరువైన ఎర కట్టినా ఆ మెత్తదనమే లోపమవుతుంది.

ఇక లైను సంగతి. రీలు మీంచి తీస్తే స్ప్రింగులా చుట్టుకుంటుంది. గోరువెచ్చని నీటిలో నానబెట్టి సాగదీసినా మరుసటి పూటకు మళ్లీ మొదటికే వచ్చింది. మూడో వారానికి కొన దగ్గర పూత పగిలి, తేలాల్సిన లైను మునుగుతూ పాపర్‌ను కూడా కిందికి ఈడ్చింది. ఫిర్యాదు చేస్తే, వారంటీ రాడ్డుకే గాని లైనుకు లేదన్నారు. కిట్టులోని ఆరు పాపర్లూ 4వ నంబరు కొక్కేలవి. నంబరు తగ్గేకొద్దీ కొక్కెం పెద్దదవుతుంది కనుక, చిన్న నోటి బ్లూగిల్ వాటి రబ్బరు కాళ్లను పీకి వదిలేసేది.

చివరికి వేరే 5-వెయిట్ తేలే లైను ఎక్కించాను. ఒక మెట్టు బరువు పెరగడంతో ఇరవై అడుగులకే రాడ్డు చక్కగా వంగుతోంది. వెనుక పెకాన్ చెట్ల కొమ్మలు అడ్డొచ్చేచోట నీటి మీంచే లైనును దొర్లించే రోల్ కాస్ట్ కూడా తేలికైంది.

ఇదే రాడ్డు విడిగా 95 డాలర్లకు దొరుకుతోంది. మిగిలే 55 డాలర్లలో ఓ మోస్తరు తేలే లైను, పదో నంబరు పాపర్లు నాలుగు వస్తాయి.